మెదడు తరంగముల శిక్షణయు, ధారణాశక్తియు

గోదావరిఖని బొగ్గుగనులలో ఇరువది యేండ్లకు పైగా పనిచేయుచున్న మా పాఠకుడొకరు మాకొక లేఖ వ్రాసిరి. వారి కుమారుడు మైనింగు సర్దారు పరీక్షకు చదువుచున్నాడట. పగలెల్ల చదివినది మఱునాటికి నిలుచుట లేదని ఆ యువకుడు దిగులుపడుచున్నాడట. నొసటికి పట్టీవలె కట్టుకొను ఒక యంత్రము కలదనియు, అది మెదడులోని విద్యుత్తరంగములను కనిపెట్టి వానిని సరిదిద్దుకొను విధమును నేర్పుననియు, నెలదినముల అభ్యాసముతో జ్ఞాపకశక్తి ఇనుమడించుననియు ఒక ప్రకటనయందు చూచి, ఇరువది వేల రూపాయలకు పైబడిన ఆ వస్తువును అప్పు చేసియైనను కొనవచ్చునా అని వారు మమ్మడుగుచున్నారు.

అప్పు చేయవలదని మా సమాధానము. ఐతే ఇట్లు ఒక్క ముక్కలో చెప్పి ఊరకుండుట ఆ తండ్రికి న్యాయము చేసినట్లు కాదు. ఆయన ప్రశ్న వెనుక ఒక శాస్త్రము కలదు. అది పూర్తిగ బూటకము కాదు. అందు ఏది నిలిచినదో, ఏది నిలువలేదో తెలిసికొనిన పిమ్మట ఎవరి ధనమును గూర్చి వారే నిర్ణయించుకొనవచ్చును.

ఇట్టి ప్రశ్న గోదావరిఖనినుండి వచ్చుటలో మాకు ఆశ్చర్యము లేదు. 1990 ప్రాంతమున సింగరేణి సంస్థలో లక్షకు పైబడియుండిన కార్మికుల సంఖ్య నేడు 40 వేల ప్రాంతమునకు దిగినది. తవ్వితీయు బొగ్గు మాత్రము పెరిగినది. 2023–24వ సంవత్సరమున అది 7 కోట్ల టన్నులు. ఒకప్పుడు భుజబలము గలవానికి బాయిలో పని దొరికెడిది. ఇప్పుడా పనిని యంత్రము చేయుచున్నది. మనుష్యునకు మిగిలినది పరీక్ష. సర్దారు పరీక్ష, ఓవర్‌మన్ పరీక్ష, క్లర్కు పరీక్ష, అవి కానిచో ప్రభుత్వోద్యోగముల పరీక్ష. తండ్రి కండను నమ్ముకొని బ్రదికినచోట కొడుకు జ్ఞాపకమును నమ్ముకొని బ్రదుకవలసి వచ్చినది. జ్ఞాపకమును అమ్మెదమనువారు అట్టిచోటికి రాకుందురా?

ముందుగ ఈ తరంగములు ఏమో చూతము. మెదడులోని నాడీకణములు ఒండొంటితో సంభాషించుట కొంతవఱకు విద్యుత్తు మూలముననే జరుగును. లక్షలకొలది కణములు ఒక్క తాళమున కదలునప్పుడు ఆ విద్యుత్తులో అత్యల్పభాగము పుర్రెను, చర్మమును దాటి వెలుపలికి వచ్చును. గని కార్మికుని టోపీదీపమునకు అమర్చు బ్యాటరీ సుమారు 4 వోల్టులది. తలపై దొరకు మెదడు తరంగము ఇంచుమించు అందులో లక్షవ వంతు. ఇంత చిన్నదానిని మొట్టమొదట మనుష్యుని తలనుండి పట్టి కాగితముపై గీయించినవాడు జర్మనీ దేశమున యేనా నగరవాసియగు హాన్స్ బెర్గర్ అను వైద్యుడు. అది 1924లో జరిగినది. ఐదేండ్లు తన కన్నులను తానే నమ్మలేక పరీక్షించి పరీక్షించి 1929లో ప్రకటించెను. కన్నులు మూసికొని విశ్రాంతిగ నున్నపుడు సెకనుకు 8 నుండి 12 మారులు ఊగు తరంగమునకు ఆల్ఫా అనియు, కన్నులు తెఱచి పనిలో నిమగ్నమైనపుడు వచ్చు చుఱుకైన తరంగమునకు బీటా అనియు పేరులు పెట్టినది ఆయనయే. అంతకంటె మందముగ, సెకనుకు 4 నుండి 8 మారులు కదలుదానిని తరువాతివారు థీటా యనిరి.

బెర్గర్ ఈ పనికి పూనుకొనుటకు కారణము వింత గొలుపును. యౌవనమున సైన్యములో నుండగా ఆయన గుఱ్ఱముపైనుండి పడి చావు తప్పించుకొనెను. అదే దినమున, ఎంతో దూరమున నున్న ఆయన సోదరి మనస్సు కలతచెంది, ఆయన క్షేమమడుగుచు తండ్రిచేత తంతి ఇప్పించెనట. ఒక మనస్సునుండి మఱియొక మనస్సునకు ఏదో శక్తి ప్రసరించియుండునని నమ్మి, దానిని పట్టవలెనని బెర్గర్ జీవితమంతయు వెచ్చించెను. వెదకిన శక్తి దొరకలేదు, ఈ తరంగములు దొరికినవి. నేడు మూర్ఛరోగమును గుర్తించుటకు ఏ పెద్ద ఆస్పత్రికి పోయినను ఈ.ఈ.జి. అను పేర చేయు పరీక్ష ఆయన విడిచిపోయినదే.

తరంగమును చూచుట ఒక యెత్తు, దానిని మనుష్యుడు తన వశమునకు తెచ్చుకొనుట మఱియొక యెత్తు. ఈ రెండవదానికి 1960 ప్రాంతమున అమెరికాలోని షికాగో నగరమున జో కామియా అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు దారి తీసెను. కన్నులు మూసికొని కూర్చుండిన మనుష్యుని తలకు తీగెలు తగిలించి, నడుమ నడుమ గంట కొట్టి, ఇప్పుడు నీ మెదడులో ఆల్ఫా యున్నదా లేదా చెప్పుమని యడుగును. చెప్పినది తప్పో ఒప్పో వెంటనే తెలియజేయును. మొదట గ్రుడ్డి యూహగ నుండినది కొలదిదినములలో గుఱి తప్పని జవాబుగ మాఱినది. పిమ్మట కొందఱు కోరిన క్షణమున ఆల్ఫాను తెచ్చుకొనుటయు నేర్చిరి. నేటి యంత్రములన్నిటికి మూలసూత్రమిదియే. తరంగమును కొలిచి, కోరినంత వచ్చినపుడు ఒక ధ్వనినో, తెరపై ఎదుగు ఒక గీతనో బహుమానముగ చూపుదురు. ఎట్లు తెచ్చుకొనవలెనో ఎవరును చెప్పరు, చెప్పలేరు. ఈత నేర్చువాడు నీటిలోనే నేర్చినట్లు అభ్యాసి తనంతట తాను త్రోవ కనుగొనవలెను. దీనినే న్యూరోఫీడ్‌బాక్ అందురు.

మనుష్యులమాట అటుంచి, పిల్లుల కథ యొకటి చెప్పవలసియున్నది. లాస్ ఏంజిల్స్ నగరమున బారీ స్టర్మన్ అను శాస్త్రజ్ఞుడు 1960 దశకము నడుమ పిల్లులకు ఒక పాఠము నేర్పెను. శరీరమును కదల్పక, జాగ్రత్తగ నిలిచియుండు స్థితిలో, చలనమును పాలించు మెదడు భాగముపై సెకనుకు 12 నుండి 15 మారులు ఊగు ఒక తరంగము పుట్టును. అది పుట్టినప్పుడెల్ల పిల్లికి ఆహారము దొరకును. పిల్లులు ఆ తరంగమును కావలెనని పుట్టించుటకు నేర్చుకొన్నవి. ఆ తరువాత వేఱొక పనిమీద రాకెట్టు ఇంధనము యొక్క విషప్రభావమును పరీక్షింపవలసి వచ్చి స్టర్మన్ పెక్కు పిల్లులకు ఆ మందు నిచ్చెను. తక్కినవానికి మూర్ఛలు త్వరగ వచ్చినవి. మునుపు శిక్షణ పొందిన పిల్లులకు మాత్రము చాల ఆలస్యముగ వచ్చినవి. ఈ వృత్తాంతమును మేము ఇంత వివరముగ చెప్పుటకు కారణము కలదు. పిల్లికి యంత్రమునందు భక్తి లేదు. ప్రకటనలు చదువదు. తనకు మేలు కలుగునను ఆశచేత దానికి మేలు కలుగుట అసంభవము. కావున ఈ శిక్షణలో ఆశకు మించిన బలమేదియో కలదని ఒప్పుకొనవలెను. ఐతే అది మూర్ఛ విషయమున కనబడిన బలము. జ్ఞాపకము సంగతి వేఱు.

ఆరోగ్యవంతుల జ్ఞాపకముపై జరిగిన పరిశోధనలలో తఱచు పేర్కొనబడునది 2003లో లండనునుండి వెలువడినది. డేవిడ్ వెర్నన్, ఆయన సహచరులు కొందఱు విద్యార్థులకు స్టర్మన్ పిల్లుల తరంగమునే ఎనిమిది పర్యాయములు అభ్యసింపజేసిరి. మఱికొందఱికి థీటాను పెంచు అభ్యాసమిచ్చిరి. మొదటివారు విన్న మాటలను కొంతసేపు మనస్సున నిలుపుకొని తిరిగి చెప్పు పరీక్షలో మెఱుగుపడిరి. థీటావారికి ఏ ఫలమును కలుగలేదు. అప్పుడు థీటా వ్యర్థమనవలెనా? 2014లో ఇస్రాయేలు పరిశోధకులు వ్రేళ్లతో ఒక వరుసను నేర్చుకొను పనిలో థీటా అభ్యాసము చేసినవారే, బీటా అభ్యాసము చేసినవారికంటెను, ఏ అభ్యాసమును చేయనివారికంటెను మెఱుగుగ జ్ఞాపకముంచుకొనిరని ప్రకటించిరి. నడుమ 2012లో మకావు విశ్వవిద్యాలయమువారు ఆల్ఫాను పెంచుటచే అంకెల వరుసను అప్పగించు శక్తి పెరిగినదనిరి. ఒకరు ఆల్ఫా, ఒకరు థీటా, ఒకరు మఱియొకటి. ముగ్గురును శ్రద్ధగ పనిచేసినవారే. కాని మూడు వేఱువేఱు తాళపుచెవులు ఒక్క తాళమును తెఱచినవని చెప్పునపుడు, తాళము అసలు వేయబడియే యున్నదా అని చూచుట వివేకము.

సందేహము ఇచ్చటనే మొదలగును. జ్ఞాపకపరీక్షను రెండవమారు వ్రాయు ప్రతివాడును మొదటిమారుకంటె బాగుగ వ్రాయును. మధ్యలో యంత్రము పెట్టుకొన్నను పెట్టుకొనకున్నను పరీక్ష అలవాటగును గదా. అదిగాక, నెలదినములు తలకు తీగెలు తగిలించుకొని, ఎదుట వైద్యుడో పండితుడో కూర్చుండి నీవు బాగుపడుచున్నావని ప్రోత్సహించుచుండ, ఎవనికి ఉత్సాహము పుట్టదు? ఈ రెండింటిని విడదీయుటకు ఒక ఉపాయము కలదు. సగముమందికి వారి తరంగములను వారికే చూపవలెను. తక్కినవారికి వారికి తెలియకుండ మఱొకరి తరంగములను చూపవలెను. ఇరువురును సమానముగ బాగుపడినచో, బాగుచేసినది తరంగము కాదని తేలును. జ్ఞాపకశక్తిని గూర్చిన పరిశోధనలలో పెక్కింటియందు ఈ జాగ్రత్త లేదు. పాల్గొన్నవారును కొలదిమంది. ఈ జాగ్రత్త తీసికొని జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు 2017లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికయందు ప్రకటించిన పరిశోధన ఏకాగ్రత కుదరని రోగమున్న వందకు పైబడిన పెద్దలపై జరిగినది. నిజమైన తరంగము చూచినవారును, బూటకపు తరంగము చూచినవారును, యంత్రమే లేక మాటలతో చికిత్స పొందినవారును ఇంచుమించు సమముగ కుదుటపడిరి. ఇది రోగుల మాట, ఆరోగ్యవంతుల జ్ఞాపకము మాట కాదని వాదింపవచ్చును. వాదము సరియే. ఐతే రోగులయందే నిలువని తేడాను ఆరోగ్యవంతులయందు నమ్ముమని యడుగువాడు అంతకు మించిన ఋజువు చూపవలసియుండును.

పరిశోధనాలయమున వాడు యంత్రమునకును, అంగడిలో దొరకు నొసటి పట్టీకిని గల అంతరము మఱియొకటి. కనుఱెప్ప ఒక్కమారు వాలిన పుట్టు విద్యుత్తు మెదడు తరంగముకంటె ఎన్నియో రెట్లు పెద్దది. దౌడ బిగించినను, నొసలు ముడిచినను అంతే. పరిశోధకులు తలయంతట పెక్కు లోహపు బిళ్లలను జిగురుతో అంటించి, ఈ కలతలను గుర్తించి తొలగింతురు. నొసటిపై రెండు మూడు బిళ్లలతో సరిపుచ్చు వస్తువు మెదడును చూచుచున్నదో, నొసటి కండను చూచుచున్నదో కొన్నవానికి తెలియు మార్గము లేదు. కుఱ్ఱవాడు పది దినములు తెరవంక చూచి, నొసటి కండను సడలించుట నేర్చుకొని, మెదడును జయించితినని సంతోషింపవచ్చును. అంతేకాక, యంత్రమెంత మంచిదైనను అభ్యాసులలో కొందఱికి తరంగమును వశపఱచుకొనుట ఎన్నటికిని అలవడుట లేదు. ప్రకటనలు ఈ సంగతిని చెప్పవు. ధనము పోయిన తరువాత ఆ కుఱ్ఱవాడు నిందించునది యంత్రమును కాదు, తన మెదడును. మమ్ము ఎక్కువగ కలతపెట్టునది ఈ నష్టమే.

ఇతర దేశములలో ఇట్టి వ్యాపారమునకు అడ్డుకట్ట పడిన ఉదాహరణ యొకటి కలదు. మెదడుకు పదును పెట్టు ఆటలని చెప్పి లూమాసిటీ అను పేర చందాలు వసూలు చేసిన ఒక అమెరికా సంస్థ, ముదిమిలో వచ్చు మఱపును సైతము ఆపగలమని చెప్పుకొన్న మాటలకు ఋజువు చూపలేకపోగా, 2016లో అచ్చటి వాణిజ్య సంఘమునకు 20 లక్షల డాలరులు చెల్లించుకొనెను. మన దేశమున పసిపిల్లల కన్నులకు గంతలు కట్టి చదివించెదమని, మధ్యమెదడును మేలుకొల్పెదమని నడచిన తరగతులకు ఎందఱు తలిదండ్రులు వేలకు వేలు సమర్పించుకొనిరో మన పట్టణవాసులెఱుగుదురు. పిల్లలు ముక్కు ప్రక్క సందులోనుండి క్రిందికి చూచి చదువుచుండిరని హేతువాదులు ఎన్నిచోట్ల బయటపెట్టినను ఆ తరగతులు ఊరు మార్చి మరల వెలసినవి.

ఇచ్చట కొందఱు దేశాభిమానులు ఒక మాట అందురు. ఈ విద్య యంతయు మన యోగులు ఎప్పుడో సాధించినదే గదా, దీనికై విదేశములను ఆశ్రయింపనేల అని. మాకును దేశాభిమానము కలదు. కాని అభిమానము లెక్కకు ప్రత్యామ్నాయము కానేరదు. 1961లో ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థయందు ఆనంద్, ఛీనా, బలదేవ్ సింగ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు కొందఱు యోగుల మెదడు తరంగములను నమోదు చేసిరి. ధ్యానములో నున్న యోగికి ఆల్ఫా ఎడతెగక నిలిచియుండెననియు, శబ్దముచేసినను వేడి తాకించినను చెదరలేదనియు, మంచువంటి 4 డిగ్రీల నీటిలో ముప్పావుగంట చేయి ముంచియుంచిన ఇరువురికి సైతము ఆ తరంగము తొలగలేదనియు వారు వ్రాసిరి. ఇది గర్వింపదగిన పరిశోధన. ఇది నొప్పిని గూర్చియు, కదలని చిత్తమును గూర్చియు చెప్పినది. యోగికి జ్ఞాపకము పెరిగినదని వారు కొలువలేదు, చెప్పలేదు. చెప్పనిదానిని వారి నోట పెట్టుట వారికి మర్యాద కాదు.

తెలుగువారి ధారణకు నిజమైన సాక్ష్యము కావలసినచో అవధాన సభకు పోవలెను. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టు కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు నిషేధాక్షరములతో పద్యమును అడ్డగింతురు, ఒకరు నాలుగు మాటలిచ్చి వానిని పొదిగి చెప్పుమందురు, ఒకరు అసందర్భపు మాటలతో మనస్సును చెదరగొట్టుటయే పనిగ పెట్టుకొందురు, నడుమ గంట మ్రోగును. అవధాని ఒక్కొక్క ఆవృత్తమున ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పుచు పోయి, కడపట పద్యములన్నిటిని మొదటినుండి ధారణచేయును. శతావధానమున ఆ సంఖ్య నూఱు. తిరుపతి వేంకటకవులు ఆంధ్రదేశమంతట తిరిగి ఈ విద్యను జనసామాన్యమునకు ప్రీతిపాత్రము చేసిరి. వారి తలకు ఏ తీగెయు తగిలించియుండలేదు. వారి ధారణకు ఆధారము ఛందస్సు. ప్రాసాక్షరము నాలుగు పాదములలో ఒక్కటే కావలెను, యతిస్థానమున మైత్రి కుదరవలెను. ఒక పాదము జ్ఞప్తికి వచ్చినదా, తక్కిన మూడింటిని పట్టుకొనుటకు కొక్కెము దొరికినట్లే. దానికితోడు కావ్యములు కంఠస్థము చేసిన చిన్ననాటి అభ్యాసము. తెలిసిన దారిలో నడచువానికి చీకటి అడ్డము కానట్లు, క్రమమెఱిగిన మనస్సునకు భారము అడ్డము కాదు.

మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పిన సంగతియు ఇంచుమించు ఇదియే. 1980లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనయందు సామాన్య విద్యార్థి యొకడు, మొదట ఒక్కమారు విని 7 అంకెలు మాత్రమే అప్పగింపగలిగినవాడు, ఇరువది నెలలలో 230 గంటలకు పైగా అభ్యసించి 79 అంకెలు అప్పగించెను. అతడు పరుగుపందెములవాడు గనుక అంకెలను పందెపు కాలములుగ మార్చుకొని గుర్తుంచుకొనెడివాడు. అంకెలకు బదులు అక్షరములిచ్చినపుడు ఆఱింటికి మించి చెప్పలేకపోయెను. పెరిగినది సత్తువ కాదు, ఉపాయమని దీనివలన తెలియవచ్చును. 2017లో డ్రెస్లర్, ఆయన సహచరులు జ్ఞాపకపు పోటీలలో ఆఱితేఱినవారి ఉపాయమును, అనగా తెలిసిన ఇంటి గదులలో వస్తువులను ఉంచినట్లు మాటలను ఊహించుకొనుటను, సామాన్యులకు దినమునకు అరగంట చొప్పున ఆఱు వారములు నేర్పిరి. 72 మాటల పట్టికలో ముప్పదిలోపు చెప్పగలిగినవారు అఱువదికి మించి చెప్పిరి. నాలుగు నెలల పిమ్మట పరీక్షించినను ఆ లాభములో పెద్దభాగము నిలిచియుండెను. దీనికి అప్పు అక్కఱలేదు. మా పాఠకుని కుమారుడు తన కాలనీ క్వార్టరునుండి గని ముఖద్వారము వఱకు దారిని కన్నులు మూసికొని ఊహింపగలడు గదా. ఆ దారియే ఆయనకు పుస్తకము కాగలదు. చిత్తరువులు ఉంచుటకు ఎన్ని మలుపులు కావలెనన్నను అందు దొరకును.

2006లో రోడిగర్, కార్పికి అను ఇరువురు నిర్ధారించిన విషయము పరీక్షార్థులకు మఱింత ఉపయోగకరము. ఒక పాఠమును నాలుగుమార్లు చదివినవారికి వారము పిమ్మట నూటికి 40 పాళ్లు జ్ఞాపకముండెను. ఒక్కమారు చదివి, పుస్తకము మూసి, మూడుమార్లు తమంతట తాము తిరిగి చెప్పుకొన్నవారికి 61 పాళ్లు. సర్దారు పరీక్షకు చదువువాడు మండు వాయువు 1.25 శాతము చేరిన విద్యుత్తును నిలిపివేయవలెనను నియమమును, అది గాలిలో 5 మొదలు 15 శాతము వఱకు పేలుడు స్వభావము కలిగియుండునను సంగతిని ఇరువదిమార్లు చదువుటకంటె, పుస్తకము మూసి తండ్రి యడుగగా జవాబు చెప్పుట మేలు. తప్పు చెప్పినను మేలే. తండ్రి బాయిలో ఇరువది యేండ్లు చూచినవాడు. పైకప్పును కఱ్ఱతో తట్టి, దాని ధ్వనినిబట్టి గట్టిదో వదులుదో చెప్పు సర్దార్లను ఎందఱినో ఎఱిగినవాడు. ఆయనకంటె మంచి పృచ్ఛకుడు ఆ కుఱ్ఱవానికి ఎక్కడ దొరకును?

ఇంతవఱకు కుమారుని మాట. తండ్రి మాటయు కొంత చెప్పవలసియున్నది. లేఖ చివర ఆయన, తనకును ఈ నడుమ మఱపు పెరిగినదని ఒక్క వాక్యము వ్రాసిరి. మాకు ఆ వాక్యమే లేఖలో ముఖ్యమైనదిగ తోచినది.

గనిలో పని మూడు షిఫ్టులు. ఒక వారము పగలు, ఒక వారము సాయంకాలము, ఒక వారము రాత్రి. చదివినది, చూచినది మెదడులో నిలుకడగ కుదురుకొనుట నిద్రలోనే విశేషముగ జరుగును. గాఢనిద్రలో మెదడు పగటి సంగతులను మరల మరల నెమరువేసికొనునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవాఱి ఇంటికి చేరినవానికి నిద్ర ఎక్కడిది? వేసవిలో రామగుండము ప్రాంతమున ఎండ 45 డిగ్రీలు దాటు దినములు కలవు. ఓపెన్‌కాస్టు గనుల పేలుళ్లకు కిటికీలు అదరుచుండును. పిల్లలు బడికి పోవువేళ, కూరలవాడు కేకవేయువేళ, ఆయన కన్నులు మూయవలెను. ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున మూడు వేలకు పైబడిన ఉద్యోగులను పదేండ్లపాటు పరీక్షించి మార్కియే మొదలగువారు ప్రకటించిన పరిశోధన ఫలితము 2014లో వెలువడినది. పది సంవత్సరములకు పైగా ఇట్లు వేళలు మాఱు పనిచేసినవారి జ్ఞాపకము మొదలగు మానసిక శక్తులు, వయస్సు ఆఱున్నర యేండ్లు అధికముగ పైబడినవారి శక్తులవలె తగ్గియుండెను. అట్టి పని మానిన కనీసము ఐదేండ్లకు గాని తిరిగి కోలుకొనలేదు. ఈ నష్టము ఎక్కడనుండి వచ్చినదో తెలిసియు, దానిని నొసటి పట్టీతో పూడ్చుకొనుమని కార్మికునికి చెప్పుట, కప్పు కాఱుచున్న ఇంటిలో గోడకు సున్నము వేయించుకొనుమనుటవంటిది.

కావున షిఫ్టులు మార్చు క్రమమును, వరుస రాత్రుల సంఖ్యను, రెండు షిఫ్టుల నడుమ విరామమును వైద్యుల సలహాతో పునఃపరిశీలింపవలెనని సంస్థవారిని మేము కోరుచున్నాము. కార్మికసంఘములు వేతనములను గూర్చి చేయు బేరములో నిద్రను గూర్చియు ఒక పంక్తి చేర్చుకొనవలెను. క్వార్టరులలో రాత్రి షిఫ్టువాని గదికి వెలుతురు సోకని తెరలు, చల్లని గాలి ఏర్పాటుచేయుట 7 కోట్ల టన్నుల బొగ్గు తీయు సంస్థకు భారము కాదు.

ఇక తరంగముల శిక్షణను పూర్తిగ త్రోసివేయుమని మా అభిప్రాయము కాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థయందు తలకు దెబ్బతగిలి జ్ఞాపకమును, ఏకాగ్రతను పోగొట్టుకొన్నవారికి ఈ శిక్షణ నిచ్చి, ఫలితములను ప్రకటించుచున్నారు. అది ఆరోగ్యవంతుని అదనపు తెలివికై చేయు ప్రయత్నము కాదు, పోయినదానిని కొంతయైనను తిరిగి తెచ్చు ప్రయత్నము. కప్పు కూలి, యంత్రము తగిలి, రోడ్డు ప్రమాదముల పాలై తలకు గాయమగుట గనుల ప్రాంతమున అపూర్వము కాదు. ఈ యంత్రములను ఎవరికైనను ప్రజాధనముతో సమకూర్పవలసివచ్చినచో, మొట్టమొదట అర్హులు వారు.

దీనికి రామగుండముననే అవకాశము కలదు. సింగరేణి నిధుల సాయముతో ఇచ్చట 2022లో వైద్యకళాశాల యొకటి వెలసినది. సంవత్సరమునకు 150 మంది విద్యార్థులు చేరుచున్నారు. చుట్టునున్న గనులలో వేలకొలది కార్మికులు కలరు. వారిలో ఇష్టపడినవారిని మూడు భాగములుగ విడదీసి, ఒక భాగమునకు నిజమైన తరంగశిక్షణ, ఒక భాగమునకు వారికి తెలియకుండ బూటకపు శిక్షణ, ఒక భాగమునకు పగటినిద్రకు తగిన గదియు రాత్రుల తగ్గింపును ఇచ్చి, ఆఱు మాసముల పిమ్మట జ్ఞాపకమును కొలువవచ్చును. కొలుచువానికి ఎవరికి ఏది యిచ్చిరో తెలియరాదు. ఫలము ఏదైనను, యంత్రమునకు అనుకూలమైనను ప్రతికూలమైనను, తెలుగులో ముద్రించి గనుల ముఖద్వారములకడ అంటింపవలెను. అంతవఱకు మా పాఠకుడు తన ఇరువది వేలను దాచుకొని, సాయంకాలము కుమారుని ఎదుట కూర్చుండబెట్టుకొని, సర్దారు పుస్తకము మూసి, మొదటి ప్రశ్న అడుగునుగాక.